డబ్బా కొనే ముందు డాబా ఎక్కండి

జూన్‌లో మొదటి గట్టి వాన పడుతుంది. మర్నాడు పొద్దున చూస్తే పడగ్గది పైకప్పు మీద అరచేయంత తడి మరక. ఇంటిల్లిపాదీ తలెత్తి చూస్తారు. సాయంత్రానికల్లా మీరు పెయింట్ల షాపులో ఉంటారు. "స్లాబు కారుతోందండీ, ఏదైనా మంచి కెమికల్ ఇవ్వండి" అంటారు. షాపతను 20 లీటర్ల డబ్బా తీసి ముందు పెడతాడు. ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి రోలరుతో పూసేసి వెళ్ళిపోతారు. ఆ ఏడు గడిచిపోతుంది. మళ్ళీ జూన్ వస్తుంది. మరక రెండడుగులు పక్కకి జరిగి మళ్ళీ కనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ ఇదే జరిగిందా? అయితే తప్పు డబ్బాది కాకపోవచ్చు. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటునుంచి లోపలికి దిగుతున్నాయో ఎవరూ చూడలేదు, అంతే. ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే: ఇంటి మీద పడ్డ నీరు నిలవకుండా దిగిపోతే సగం పని అయిపోయినట్టే. పూతలూ రంగులూ మిగతా సగం. మనలో చాలామంది ఆ రెండో సగంతోనే మొదలుపెడతాం, డబ్బు పోయేది అక్కడే.

దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. ఒక సుద్దముక్క, టార్చిలైటు, టేపు, ఫోనులో కెమెరా ఉంటే చాలు. రండి, ఒక్కొక్కటే చూద్దాం.

1. మరక ఎప్పుడు వస్తోందో రాసుకోండి

మేస్త్రీని పిలవకముందే మీరు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు నాలుగున్నాయి.

- వాన పడ్డప్పుడే తడుస్తోందా? అయితే అనుమానం డాబా మీద, పిట్టగోడ మీద, బయటి గోడ మీద.
- వానలు లేని మార్చిలో కూడా తడిగా ఉందా? అయితే పైనున్న ట్యాంకు, పైపులు, బాత్‌రూమ్ చూడండి. పై అంతస్తు బాత్‌రూమ్ కింద మరక వచ్చిందంటే డాబాకి ఎంత పూత పూసినా ఉపయోగం లేదు.
- గాలివానకే వస్తోందా, మామూలు వానకి రావడం లేదా? నీరు పక్కనుంచి కొడుతోందన్నమాట. గోడ పగుళ్ళు, కిటికీ చట్రం చుట్టూ ఉన్న సందులు వెతకండి.
- వాన వెలిశాక ఎన్ని గంటలకు తడి కనిపిస్తోంది? వెంటనే అయితే సూటిగా ఏదో కన్నం ఉంది. మర్నాటికి అయితే పైన ఎక్కడో నీరు నిలిచి మెల్లగా ఇంకుతోంది.

ఒక సంగతి మరిచిపోకండి. మరక ఉన్నచోటే పైన కన్నం ఉంటుందని లేదు. పైన ఒకచోట దిగిన నీరు స్లాబులో సందు దొరికిన దాకా పాకి, ఫ్యాను కొక్కెం దగ్గరో, కరెంటు పైపు దగ్గరో బయటపడుతుంది. ఫ్యాను దగ్గర, లైటు దగ్గర తడి కనిపిస్తే ముందు ఆ గది కరెంటు ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మిగతావన్నీ తర్వాత.

మరక అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఫొటో తీసుకోండి. రెండు వానలు పోయాక మరక గీత దాటిందో లేదో తెలిసిపోతుంది. ఊహలతో పని ఉండదు.

2. వాన వెలిసిన గంటకు డాబా ఎక్కండి

ఎండిపోయిన డాబా మీకు ఏమీ చెప్పదు. వాన వెలిసి, ఉరుములు పూర్తిగా ఆగాక ఎక్కండి. నాచు ఉంటే జారుతుంది, చెప్పులు చూసుకోండి. పెద్దవాళ్ళను ఎక్కించకండి. అమ్మానాన్నలు ఊళ్ళో ఉండి మీరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, పక్కింటి కుర్రాణ్ణి ఎక్కమని వీడియో కాల్‌లో చూడండి.

నీళ్ళు నిలిచిన ప్రతి మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. సుద్ద అంటకపోతే మడుగు అంచున నాలుగు గులకరాళ్ళు పెట్టండి. తర్వాత వాటిని పైనుంచి ఒక ఫొటో తీయండి. మీ డాబాకి పటం తయారైనట్టే. రేపు మేస్త్రీ వచ్చి "మొత్తం కొట్టేసి మళ్ళీ వేయాలి సార్" అన్నప్పుడు, ఆ ఫొటో చూపించి "ఈ మూడు చోట్లే కదా నిలుస్తోంది?" అని అడిగే ధైర్యం మీకు వస్తుంది.

3. నీటికి దారి ఇవ్వండి

ఒక చిన్న లెక్క. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న డాబా అంటే 1,200 చదరపు అడుగులు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 1,100 లీటర్ల నీరు. అంటే మీ వెయ్యి లీటర్ల ట్యాంకు నిండి పొర్లినంత. అదంతా రెండు తూముల గుండా దిగాలి. ఒక తూముకు వేపాకులు అడ్డుపడితే ఏమవుతుంది?

ఈ వరసలో చూసుకోండి.

- తూములు: జాలీ ఎత్తి ఆకులు, మట్టి, ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. బకెట్టు నీళ్ళు పోసి చూడండి. గుటుక్కున దిగాలి. డాబా విస్తీర్ణంలో సుమారు 40 చదరపు మీటర్లకు, అంటే 430 చదరపు అడుగులకు, ఒక 4 అంగుళాల పైపు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ 1,200 అడుగుల డాబాకి రెండంగుళాల పైపు ఒక్కటే ఉంటే అసలు జబ్బు అదే.
- వాటం: డాబా తూము వైపుకి వాలి ఉండాలి. 100 అడుగులకు 1 అడుగు చొప్పున అయినా వాలు కావాలి. అంటే 30 అడుగుల దూరానికి మూడున్నర అంగుళాల పైచిలుకు. మీ డాబాకి అంత ఉందా? గోడకి దారం కట్టి, లెవల్ పైపుతో చూడమంటే మేస్త్రీ పది నిమిషాల్లో చెబుతాడు.
- ట్యాంకు: పొర్లిన నీరు రోజూ ఒకేచోట పడుతోందా? వాన నీటికన్నా ఇది ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే వాన ఏడాదిలో కొన్ని నెలలే. బాల్ వాల్వు మార్చండి. పొర్లే పైపును తూము దాకా సాగదీయండి.
- రావి మొక్కలు: పిట్టగోడ సందులో రెండాకుల రావి మొక్క కనబడితే ముచ్చటపడి వదిలేయకండి. పై నుంచి తుంచేస్తే వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. మొక్క చిన్నగా ఉండగానే చుట్టూ గచ్చు తవ్వి, వేరుతో సహా లాగి, ఆ సందు పూడ్పించండి.
- మిద్దె తోట: కుండీలు నేరుగా స్లాబు మీద పెట్టొద్దు. ఇటుకల మీదో, ఇనుప స్టాండు మీదో లేపి పెడితే కింద గాలి ఆడుతుంది, నీరు నిలవదు. తడి మట్టి బరువు చాలా ఎక్కువ. పెద్ద తొట్లను గది మధ్యలో కాక, కింద గోడలూ దూలాలూ ఉన్నచోట పెట్టండి.

ఈ అయిదూ చేసి ఒక వాన చూడండి. కొందరికి కథ ఇక్కడితోనే కంచికి చేరుతుంది. ఖర్చు కూడా ఏమంత కాదు.

4. మూలల్లో వెతకండి

ఇంకా కారుతోందా? అయితే డాబా మధ్యలో కాదు, అంచుల్లో చూడండి. స్లాబు కాంక్రీటుది, పిట్టగోడ ఇటుకలది. ఎండకి రెండూ ఒకేలా వ్యాకోచించవు. మే నెల ఎండలో కాగిన డాబా మీద ఒక్కసారిగా వాన పడితే ఆ రెండూ కలిసే గీత దగ్గర సన్నటి చీలిక వస్తుంది. నీరు అక్కడినుంచే దిగుతుంది.

అందుకే మంచి మేస్త్రీలు ఆ మూలను లంబకోణంగా వదలరు. సిమెంటుతో గుండ్రంగా దిద్దుతారు. పైపూత వేసేటప్పుడు కూడా దాన్ని నేల దగ్గర ఆపకుండా పిట్టగోడ మీదికి కనీసం అడుగు ఎత్తు దాకా తీసుకెళ్ళాలి. పిట్టగోడ తల కూడా చూడండి. అది బల్లపరుపుగా ఉంటే నీరు నిలిచి ఇటుకలోకి ఇంకుతుంది. డాబా వైపు కొద్దిగా వాలి ఉండేలా దిద్దిస్తే నీరు బయటి గోడ మీద చారలు కట్టకుండా లోపలికే జారుతుంది.

ఆ తర్వాత కన్నాలు. డిష్ యాంటెన్నా కోసం వేసిన బోల్టులు, సోలార్ హీటరు కాళ్ళు, పైపులు స్లాబులోంచి దిగే చోట్లు, కేబుల్ కుర్రాడు డ్రిల్లు వేసి వదిలేసిన తూట్లు. ఇకమీద ఎవరు స్లాబుకి డ్రిల్లు పెడతానన్నా ఒప్పుకోకండి. చిన్న సిమెంటు దిమ్మె కట్టి దాని మీద బిగించమనండి.

5. పగులును చూసి భయపడకండి, తేలిగ్గా తీసేయకండి

అన్ని పగుళ్ళూ ఒకటి కావు.

- వెంట్రుకలాంటి సన్నని గీతలు, గచ్చు పైపొరలో మాత్రమే: రంగు వేసేటప్పుడు సరిచేస్తే సరిపోతుంది.
- దూలం లేదా పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట తిన్నగా సాగిన గీత: కాంక్రీటూ ఇటుకా విడివడిన గుర్తు. అక్కడ గచ్చు తీసి, సన్నని ఇనుప వలను రెండు వైపులా పరుచుకునేలా కొట్టి మళ్ళీ గచ్చు చేయాలి. పైపైన పుట్టీ పెడితే ఏడాదిలో మళ్ళీ విచ్చుకుంటుంది.
- కిటికీ మూలనుంచి ఏటవాలుగా పాకిన పగులు, నాణెం అంచు దూరేంత వెడల్పున్న పగులు, పెన్సిలు గుర్తు దాటి పెరుగుతున్న పగులు: ఇది మేస్త్రీ పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి.
- పైకప్పునుంచి పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన కడ్డీ కనిపిస్తోందా? తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతోంది. సిమెంటు మెత్తి సున్నం కొడితే లోపల తుప్పు అలాగే పెరుగుతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, కడ్డీని తుప్పు వదిలేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మసాలాతో మళ్ళీ నింపాలి. చాలాచోట్ల ఇలా ఉంటే ముందు ఇంజనీరు, తర్వాతే పని. కింద మంచం ఉంటే ఈ రాత్రికే జరిపేయండి.

పెచ్చులు ఊడకముందే పట్టుకునే కిటుకు ఒకటుంది. సుత్తి పిడితో పైకప్పును మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కుమంటుంది. లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నంతమేరా గీత గీయండి.

6. ఇప్పుడు పూత సంగతి

ఇంతదూరం వచ్చాక షాపుకి వెళ్ళండి. ఇప్పుడు మీరు "మంచి కెమికల్" అడగరు, మీ డాబాకి సరిపోయేది అడుగుతారు.

- అక్రిలిక్ పూత: రోలరుతో వేసుకునేది, సాగే గుణం ఉన్నది. వాటం బాగుండి, సన్నని గీతలు మాత్రమే ఉన్న డాబాకి పనికొస్తుంది. నీరు రోజుల తరబడి నిలిచేచోట నిలవదు. నేల పూర్తిగా ఎండాకే వేయాలి.
- పొడీ ద్రవమూ కలిపి పూసే సిమెంటు ఆధారిత పూత: బాత్‌రూమ్‌లకు, ట్యాంకులకు, డాబాలకు వాడతారు. దీనికి నేలను తడిపి, నిలిచిన నీరు తుడిచి, చెమ్మగా ఉండగా వేయాలి. డాబా మీద వేస్తే పైన రక్షణగా గచ్చు పొర వేయించడం మేలు.
- తారు షీటు: మంటతో కరిగించి అతికించేది. చేయి తిరిగిన మనిషి కావాలి. అతుకుల దగ్గర ఒక షీటు మీదికి ఇంకో షీటు ఎక్కాలి. నల్లగా అలాగే ఎండకి వదలకూడదు.
- కొత్తగా వాటం గచ్చు, పైన పెంకు ముక్కలు: వాటమే లేని పాత డాబాకి అసలు మందు ఇది. ఖర్చు ఎక్కువ, స్లాబు మీద బరువూ పెరుగుతుంది. కాబట్టి పాత గచ్చు మీదే ఇంకో గచ్చు పోయకుండా, పాతది తీసేసి వేయించాలి.

మరి తెల్లటి కూల్ రూఫ్ పెయింటు? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక దీని గురించి అడిగేవాళ్ళు పెరిగారు. తెల్లని పైకప్పు ఎండను తిప్పికొడుతుంది, పై అంతస్తులో వేడి తగ్గుతుంది. మంచిదే. కానీ చల్లబరిచే ప్రతి పూతా నీటిని ఆపదు. డబ్బా మీద రెండు గుణాలూ రాసి ఉన్నాయా లేదా చదవండి. కారే డాబాకి ముందు కారడం ఆపి, తర్వాత తెలుపు వేయించండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు మూడు. నాచు, దుమ్ము కడగకుండా పూయడం మొదటిది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద పూయడం రెండోది, పూత పట్టుకోకముందే ఆరి పొట్టులా లేస్తుంది. డబ్బా మీద రాసిన కొలతకి మించి నీళ్ళు కలిపి సాగదీయడం మూడోది.

7. బయటి గోడలకు ఒక వరస ఉంది

గోడకు రంగు కన్నా ముందు రావాల్సినవి చాలా ఉన్నాయి. ఊడిన రంగు గీకడం, నాచు పోయేలా కడగడం, ఆరనివ్వడం, పగులును కాస్త వెడల్పు చేసి నింపడం, ప్రైమరు, ఆపైన రెండు కోట్ల బయటి ఎమల్షన్. ఏ మెట్టు దాటేసినా చివరికి అదే బయటపడుతుంది. కొత్త గచ్చుకి తడపడం, ఆరడం కలిపి సుమారు 28 రోజులు ఆగాకే రంగు వేయించండి.

నల్ల నాచు ఉందా? పొడిగా ఉన్నప్పుడు గీకితే గింజల్లా చుట్టూ ఎగురుతుంది. తడిపి, బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో బ్రష్షు చేసి, శుభ్రంగా కడిగి, రెండు మూడు ఎండలు తగలనివ్వండి. బ్లీచింగులో యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

గోడ అడుగున మూడడుగుల దాకా ఉప్పు పొంగి రంగు పొడిపొడిగా రాలుతోందా? అది పైనుంచి వచ్చిన నీరు కాదు, నేలలోంచి ఎక్కిన చెమ్మ. బయట గోడ వెంట మట్టి ఎత్తుగా ఉంటే తగ్గించండి, వాన నీరు గోడ మొదట్లో నిలవకుండా చూడండి. లోపల టైల్సు అంటిస్తే చెమ్మ దాక్కుంటుంది, పోదు.

సన్‌షేడ్‌ల కింద అంచు వెంట సన్నని గాడి ఉందేమో చూడండి. నీటిబొట్టు అక్కడ ఆగి కింద పడాలి. గాడి లేకపోతే నీరు అడుగున పాకుతూ వచ్చి గోడనెక్కుతుంది. కిటికీ పైన మరకలకు చాలాసార్లు ఇదే కారణం.

8. రేకులు, పెంకులు ఉన్నవాళ్ళకు

రేకుల ఇల్లు కారేది ఎక్కువగా మేకుల దగ్గర, హుక్కుల దగ్గర. రేకు మార్చే ముందు ఎండకి పగిలిన వాషర్లు మార్చి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా చెబుతారు. గాలి రేకును కింది నుంచి లేపడం అంచుల్లో, మూలల్లో మొదలవుతుంది. కోస్తాలో ఉంటే అంచుల వెంట హుక్కులు దగ్గరదగ్గరగా వేయించండి. పాత సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి, విరుగుతాయి. ఆస్బెస్టాస్ ఉన్న రేకుల దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, కాబట్టి పొడిగా కోయడం, గీకడం వద్దు. పెంకుటిల్లు ఉన్నవాళ్ళు ఏటా వేసవిలో జరిగిన పెంకుల్ని సర్దించి, పది పెంకులు విడిగా దాచుకోండి. ఆ అచ్చు పెంకు తర్వాత దొరక్కపోవచ్చు.

9. మేస్త్రీతో ఇలా మాట్లాడండి

"అమ్మా, చదరపు అడుగుకింత. మెటీరియలు మాదే. పదేళ్ళ గ్యారంటీ."

"సరే మేస్త్రీ, పాత పొర తీస్తారా, దాని మీదే వేస్తారా? ఎన్ని కోట్లు? పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు? ఇవన్నీ కాగితం మీద రాసివ్వండి."

ఈ రెండో మాట అన్నాక బేరం తీరే మారిపోతుంది. ఇంకా ఇవి చేయండి.

- డాబా మీరే కొలవండి. డబ్బా మీద లీటరుకి రెండు కోట్లలో 20 చదరపు అడుగులు అని ఉంటే, 1,200 అడుగులకు 60 లీటర్లు. మూడు పెద్ద డబ్బాలు. పని అయ్యాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. రెండే ఉంటే పూత పలచబడిందని తేలిపోయింది.
- వీలైతే సామాను మీరే కొని బిల్లు దాచుకోండి. కంపెనీ వారంటీ అడగాలన్నా ఆ బిల్లు కావాలి.
- డబ్బు విడతలుగా ఇవ్వండి. కొంత మొత్తం పరీక్ష అయ్యేదాకా ఆపుకుంటామని ముందే చెప్పండి.
- అపార్టుమెంటు అయితే డాబా అందరిది. పై అంతస్తు వాళ్ళే భరించాలనకుండా సంఘం సమావేశంలో ఫొటోలు పెట్టి మాట్లాడండి.

పరీక్ష అంటే ఇది: తూములు మూసి, డాబా మీద అంగుళం నీరు నిలిపి 24 గంటలు ఉంచి, కింద గదుల్లో చూడటం. 1,200 అడుగుల మీద అంగుళం నీరంటే దాదాపు 2,800 కిలోల బరువు. గట్టి స్లాబుకి అది లెక్కలోది కాదు. కడ్డీలు బయటపడ్డ పాత స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

10. ఏడాదికి నాలుగు తేదీలు

- ఫిబ్రవరి, మార్చి: పెద్ద పనులు. ఎండ ముదరదు, వానా రాదు.
- మే చివరి వారం: తూములు, ట్యాంకు, రావి మొక్కలు.
- సెప్టెంబరు చివర: తెలంగాణలో వానలు తగ్గుముఖం పడతాయి, జరిగిన నష్టం చూసుకోవచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అక్కడివాళ్ళు తూములు ఇంకోసారి శుభ్రం చేయాలి.
- జనవరి: సంక్రాంతి రంగుల ముందే గోడల పగుళ్ళు చూసుకోండి. రంగు వేశాక అవి కనబడవు.

అన్నీ ఒకేసారి చేయక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే అరగంట కేటాయించండి. తూములు, ట్యాంకు, పిట్టగోడ మూలలు, ఈ మూడే చూడండి, ఫొటోలు తీయండి. మేస్త్రీని పిలవాలా, ఇంజనీరుని పిలవాలా, చీపురు పట్టుకుంటే సరిపోతుందా అన్నది ఆ ఫొటోలను బట్టి మీరే తేల్చుకోగలరు.